నా దవడకు కొలతలు తీసిన తొమ్మిది నెలలు

కుడివైపు నాలుగు పళ్ళకు క్యాపులు వేయించుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నోరు మూస్తే ముందు ఆ క్యాపులే తగులుతున్నాయి, ఎడమవైపు పళ్ళు కలవడమే లేదు. అన్నంలో రాయి వస్తే ఉమ్మేస్తాం. ఇది ఉమ్మేయడానికి వీల్లేని రాయి. అది 2023 అక్టోబరు.

నేను ఒంగోలు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. నాకు 49 ఏళ్ళు. భోజనం అయ్యాక వక్క నమిలే అలవాటు పాతికేళ్ళుగా ఉంది. దానికి తోడు నిద్రలో పళ్ళు నూరతానని మావారు పెళ్ళయిన కొత్తలోనే చెప్పారు, నేనే పట్టించుకోలేదు. 45 దాటేసరికి ముందు పళ్ళు సగానికి అరిగాయి. నవ్వితే పళ్ళు కనిపించడం మానేశాయి. ఫోటో తీస్తుంటే పెదాలు బిగించుకోవడం, నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకోవడం ఎప్పుడు మొదలైందో నాకే గుర్తు లేదు.

ఆ నాలుగు క్యాపులు మా ఊళ్ళోనే ఒక క్లినిక్‌లో వేయించుకున్నాను. రూట్ కెనాల్ అయ్యాక పళ్ళు అరగదీసి, ముద్దలాంటి పదార్థంతో కొలత తీసుకుని, వారానికి క్యాపులు అతికించారు. ఎత్తుగా ఉన్నాయని చెబితే కార్బన్ పేపరు పెట్టి, మరక పడ్డచోట గీసి తగ్గించారు. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ గీశారు. నాలుగోసారి గీసేటప్పుడు తెల్ల పింగాణీ పెచ్చు ఊడి లోపలి లోహం బయటపడింది. "అలవాటవుతుందమ్మా" అన్నారు. అలవాటు కాలేదు. పొద్దున్న లేస్తూనే కణతల దగ్గర నొప్పి. ఆవలిస్తే చెవి ముందు టక్కుమని శబ్దం. చెవిలోనే ఏదో జబ్బు అనుకుని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. 600 రూపాయలు తీసుకున్నా ఆయనే దారి చూపించారు. చెవి శుభ్రంగా ఉందమ్మా, నొప్పి దవడ కీలుది, డెంటల్ కాలేజీకి వెళ్ళండి అన్నారు.

2024 జూన్ 10న గుంటూరు వైపు ఉన్న ఒక డెంటల్ కాలేజీకి వెళ్ళాను. బడులు తెరవడానికి ఇంకా రెండు మూడు రోజులు ఉంది. తొమ్మిదింటికి ఓపీ చీటీ తీసుకుంటే, ఓపీజీ అనే పెద్ద ఎక్స్‌రే తీయించుకుని, ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి తిరిగి, క్యాపులూ పళ్ళ సెట్లూ చేసే ప్రోస్తో విభాగంలో కూర్చునేసరికి మధ్యాహ్నం రెండున్నర అయింది. నన్ను చూసింది ఎండీఎస్, అంటే పళ్ళ వైద్యంలో పీజీ, రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి. మా అమ్మాయికన్నా రెండు మూడేళ్ళు పెద్దది, అంతే. రెండు చెవుల ముందూ వేళ్ళు ఆనించి నోరు తెరవమంది, మూయమంది. కణతల మీద నొక్కితే ప్రాణం పోయినట్టు అయింది. అప్పుడు అద్దం చేతికిచ్చి నెమ్మదిగా చెప్పింది: "అమ్మా, ఈ నాలుగు క్యాపులు మార్చితే సరిపోదు. పళ్ళన్నీ అరిగి మీ నోటి ఎత్తే తగ్గిపోయింది. మొత్తం 28 పళ్ళకీ చెయ్యాలి. తొమ్మిది పది నెలలు పట్టొచ్చు."

నాలుగు క్యాపులు బాగు చేయించుకుందామని వెళ్ళినదాన్ని. బస్సులో ఒంగోలు చేరేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక హైదరాబాదులో ఒక ప్రైవేటు క్లినిక్‌కి ఫోన్ చేసి అడిగితే నాలుగున్నర లక్షలన్నారు. చదువుకునే పిల్ల చేతిలో నోరంతా పెట్టాలా అని రెండు రోజులు మథనపడ్డాను. చివరికి ఒప్పుకోవడానికి కారణం ఒక్కటే. అక్కడ ప్రతి మెట్టూ పెద్ద సారు చూసి కేసు షీటు మీద సంతకం పెడితేగాని పైమెట్టుకు వెళ్ళరు. దానివల్ల ఆలస్యమవుతుంది, గంటలు గంటలు కుర్చీలో కూర్చోవాలి. కానీ తప్పు జరిగితే ఆ మెట్టు దగ్గరే దొరికిపోతుంది. నా ఫోటోలు వాళ్ళ చదువుకు వాడుకోవచ్చని సంతకం కూడా పెట్టాను.

జూన్ 17 కొలతల రోజు. ముందు ముక్కు కొన మీద ఒక చుక్క, గడ్డం మీద ఒక చుక్క పెన్నుతో పెట్టింది. "మ... మ... అంటూ వదిలెయ్యండమ్మా" అంది. పెదాలు కలిసీ కలవకుండా, పళ్ళు తగలకుండా దవడ ఊరికే వేలాడే స్థితి అది. ఆ రెండు చుక్కల మధ్య 68 మిల్లీమీటర్లు. పళ్ళు కరిచిపెడితే 62. తేడా ఆరు. మామూలుగా రెండు నుంచి నాలుగు ఉండాలట. అంటే పళ్ళు అరిగిన మేరకు నా ముఖం కింది భాగం ముడుచుకుపోయింది. మూడు మిల్లీమీటర్లు పైకి లేపాలని రాసుకున్నారు. వయసు మీద పడి పెదాల మూలలు కిందికి జారాయనుకున్నాను ఇన్నాళ్ళూ.

తర్వాత ఫేస్‌బో అనే పరికరం తెచ్చారు. దీని గురించి ముందే ఎవరైనా చెప్పి ఉంటే అంత భయపడేదాన్ని కాదు, అందుకే వివరంగా రాస్తున్నాను. చూడ్డానికి పెద్ద విల్లులా ఉంటుంది. గుర్రపు లాడం ఆకారంలో ఉన్న లోహపు పళ్ళెం మీద వేడినీళ్ళలో మెత్తబరిచిన గోధుమరంగు ముద్ద అంటించి, పై పళ్ళకు ఆనించారు. నా బొటనవేళ్ళు రెండూ కింద పెట్టి పైకి నొక్కి పట్టుకోమన్నారు. విల్లు రెండు కొనలూ నా రెండు చెవుల్లో దూర్చారు. బయటి శబ్దాలన్నీ ఒక్కసారి దూరమైపోయాయి, నా ఊపిరి నాకే వినిపిస్తోంది. కుడి కంటి కింద ఎముక దగ్గరికి ఒక సూదిలాంటి ముల్లు తెచ్చి ఆపారు. అది గుచ్చుకోదు, ఆనీ ఆనకుండా ఉంటుంది, కానీ కంటికి అంత దగ్గరగా లోహం కనిపిస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. మరలు బిగించారు. నొప్పి బొత్తిగా లేదు. మొత్తం పది నిమిషాలు. వెళ్ళేముందు చెవులు శుభ్రం చేసుకుని, పెద్ద కమ్మలూ మాటీలూ ఇంట్లోనే తీసి పెట్టుకుని వెళ్ళండి. నేను అక్కడ తడబడుతూ తీసి, ఒక శీల పోగొట్టుకున్నాను.

ఇదంతా ఎందుకని అడిగాను. ఆ అమ్మాయి బల్ల మీద ఉన్న ఆర్టిక్యులేటర్ అనే యంత్రం తీసి చూపించింది. హనావ్ వైడ్‌వ్యూ అని దాని పేరు. పై చట్రం, కింది చట్రం, వెనక రెండు పక్కలా రెండు గుండ్లు. నా పై పళ్ళ అచ్చును చెవుల దగ్గరి కీళ్ళకు ఎంత దూరంలో, ఎంత వాలుగా ఉందో అంతే దూరంలో, అదే వాలులో ఆ యంత్రంలో కూర్చోబెట్టడానికే ఫేస్‌బో. ఆ దూరం తప్పితే యంత్రంలో పళ్ళు కలిసే దారి వేరు, నా నోట్లో కలిసే దారి వేరు అవుతుంది.

"మరి నా పాత క్యాపులు చేసినప్పుడు ఇవేవీ లేవు కదమ్మా" అన్నాను. అవి బహుశా మడతబందు లాంటి చిన్న యంత్రం మీద చేసి ఉంటారంది. అది తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, అంతకుమించి కదలదు. దవడ తలుపు కాదుగదా. నమిలేటప్పుడు ముందుకు జారుతుంది, పక్కకు తిరుగుతుంది. మా అమ్మమ్మ ఇంట్లో తిరగలి గుర్తొచ్చింది నాకు. పై రాయి లేచి పడితే పప్పు విరగదు, తిరగాలి. తిరిగే దారిలో ఒక్క రాయి ఎత్తుగా ఉన్నా మొత్తం తిరగలి తడబడుతుంది.

ఒకటి రెండు క్యాపులకు ఇంత హంగామా అవసరం లేదని సారే చెప్పారు. పక్క పళ్ళు బాగుంటే అవే దారి చూపిస్తాయి. కానీ నాలాగా పళ్ళన్నీ అరిగి, దారి చూపే పన్నే మిగలని నోటికి ఎక్కువ క్యాపులు వేస్తామంటే, నా దవడ కదలికను ఎలా కొలుస్తారు అని అడగండి. సిగ్గుపడకండి. నేను అడగలేదు.

జూన్ 24న స్ప్లింట్ ఇచ్చారు. పై పళ్ళకు తొడుక్కునే గట్టి, పారదర్శకమైన తొడుగు. 1,500 రూపాయలు. తినేటప్పుడు తప్ప రోజంతా ఉండాలి. వేడినీళ్ళతో కడిగితే వంకరగా అయిపోతుందని మరీ మరీ చెప్పారు. మొదటి వారం క్లాసులో నా మాట ముద్దముద్దగా వచ్చింది. పిల్లలు నవ్వుతారేమోనని ముందే ఎనిమిదో తరగతికి ఉన్న విషయం చెప్పేశాను. ఒక్కరూ నవ్వలేదు. ఒకమ్మాయి మాత్రం రోజూ "టీచర్, ఇవాళ నొప్పి తగ్గిందా" అని అడిగేది.

మూడో వారం దాటాక ఒక పొద్దున్న లేచి కాఫీ పెడుతుంటే, తలనొప్పి లేదని తట్టింది. తొమ్మిది నెలల్లో మొదటిసారి. స్టవ్ దగ్గరే నిలబడి ఏడ్చాను.

రెండు వారాలకోసారి వెళితే స్ప్లింట్ మీద రంగు కాగితం పెట్టి చుక్కలు చూసి గీసేవారు. జూన్‌లో అన్ని పళ్ళకూ సమానంగా పడ్డ చుక్కలు జూలైలో వెనక పళ్ళకే పడ్డాయి. కండరాలు బిగువు వదిలేకొద్దీ దవడ తన అసలు చోటికి వెనక్కి వెళుతోందట. వరసగా రెండుసార్లు చుక్కలు ఒకేచోట పడేదాకా ముందుకు వెళ్ళేది లేదన్నారు. అది ఆగస్టు 24న జరిగింది. రెండు నెలలు. ఏ పనీ జరగనట్టు అనిపించిన ఆ రెండు నెలలే మొత్తం వైద్యానికి పునాది అని నాకు తర్వాత అర్థమైంది.

ఆగస్టు 31కి ఇచ్చిన అపాయింట్‌మెంట్ వానల్లో కొట్టుకుపోయింది. విజయవాడ మునిగిన వారం అది. నన్ను చూసే ఆ అమ్మాయి, మా డాక్టరమ్మ, ఇల్లు అక్కడే. మూడు రోజులు ఫోన్ కలవలేదు. కలిశాక నేను పళ్ళ సంగతి ఎత్తలేదు, అమ్మానాన్నా క్షేమమేనా అని అడిగి పెట్టేశాను. మరుసటి శనివారం వినాయక చవితి. అలా సెప్టెంబరు 14 దాకా జరిగింది.

సెప్టెంబరు 14 నాకు బాగా గుర్తుండిపోయిన రోజు. స్ప్లింట్ తీసిన వెంటనే నన్ను పళ్ళు కరవనివ్వలేదు. పై ముందు పళ్ళకు యాక్రిలిక్‌తో చేసిన చిన్న దిమ్మ తొడిగి, దాని మీదే కింది ముందు పళ్ళు ఆనేట్టు చేశారు. వెనక పళ్ళు ఎక్కడా తగలవు. దాన్ని జిగ్ అంటారు. అలా ఇరవై నిమిషాలు కూర్చోవాలి. పళ్ళు ఎలా కలవాలో దవడకున్న పాత అలవాటు మరిచిపోవడానికట. తర్వాత ఆమె నా తల వెనక కూర్చుని, రెండు చేతుల వేళ్ళూ నా దవడ కింద, బొటనవేళ్ళు గడ్డం మీద పెట్టి, "నా చేతుల్లో వదిలెయ్యండమ్మా, మీరేం చెయ్యొద్దు" అంది. ఆ వదిలెయ్యడమే కష్టం. ప్రతిసారీ నా అంతట నేనే సాయం చేయబోతున్నాను. పావుగంట తర్వాత వదిలింది. మెల్లగా దవడ పైకి వెళ్ళి ఒకచోట కీలులో కూర్చున్నట్టు తెలిసింది. జిగ్ తీసి నోరు మూయిస్తే మొట్టమొదట తగిలింది కుడివైపు వెనక పాత క్యాపే. అది తగలగానే దవడ ముందుకీ ఎడమకీ జారి మిగతా పళ్ళు కలిశాయి. ఆ జారుడు రెండు మిల్లీమీటర్లు ఉండొచ్చు. రోజంతా వందలసార్లు అలా జారుతూ, నా కణతలు ఎందుకు నొప్పెట్టాయో అద్దంలో నా కళ్ళతో నేను చూశాను.

మళ్ళీ జిగ్ పెట్టి, వెనక పళ్ళ మధ్య గోరింటాకు కోన్‌లో నుంచి పెట్టినట్టు నీలం రంగు సిలికాన్ పెట్టారు. నిమిషంలో గట్టిపడింది. అలాంటివి మూడు తీశారు. మూడూ యంత్రంలో పెట్టి చూస్తే ఒకేచోట కూర్చోవాలి. మొదటి రెండూ కలవలేదు. నేను భయపడ్డాను గానీ సారు, "కలవకపోతే ఇప్పుడే తెలిసింది, మంచిదేగా" అని మళ్ళీ తీయించారు. నాలుగోది, ఐదోది, ఆరోది కలిశాయి. అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

ఆ తర్వాత దవడ ఐదారు మిల్లీమీటర్లు ముందుకు పెట్టి కరవమన్నారు. ఇది వినడానికి తేలికే, చేస్తే రాదు. నాది వంకరగా పక్కకు పోయేది. మీకు ఈ చికిత్స ఉందని తెలిస్తే వారం ముందు నుంచి అద్దం ముందు నిలబడి కింది పళ్ళు పై పళ్ళకు ఎదురుబొదురుగా తెచ్చి ఆపడం సాధన చేయండి. నాకు అరగంట దానికే పోయింది. అలా ముందుకు పెట్టినప్పుడు వెనక పళ్ళ మధ్య సందు ఏర్పడుతుంది. ఎందుకంటే చెవి ముందున్న దవడ గుండు ఊరికే ముందుకు రాదు, ఒక వాలు మీద కిందికి జారుతూ వస్తుంది. ఆ సందులో మళ్ళీ నీలం సిలికాన్.

దాంతో ఏం చేస్తారో చూడాలని అడిగితే కాదనకుండా బల్ల దగ్గరికి పిలిచారు. యంత్రంలో నా అచ్చుల మధ్య ఆ సిలికాన్ ముక్క పెట్టి, వెనక మర వదులు చేసి, వాలును కొద్దికొద్దిగా తిప్పింది. ఒకచోట అచ్చు పళ్ళు సిలికాన్ గుంతల్లో ఊగకుండా అతికినట్టు కూర్చున్నాయి. మర బిగించి అంకె చదివింది. కుడి 34 డిగ్రీలు. ఎడమ 26. రెండు పక్కలా ఒకేలా ఉండదా అంటే చాలామందికి ఉండదంది. సగటు లెక్కతో చేసే యంత్రాల్లో అందరికీ 30 అని పెట్టేస్తారట. పక్కకు తిరిగే కోణానికి హనావ్ సూత్రం ఒకటుంది: వాలు అంకెను ఎనిమిదితో భాగించి 12 కలపాలి. నా కళ్ళముందే లెక్క వేసింది, కుడి 16, ఎడమ 15. అచ్చు అడుగున తెల్ల ప్లాస్టర్ మీద పెన్సిలుతో 34, 26 అని రాసింది. "ఇక మీ దవడ నా దగ్గరుంటుంది, మీరు హాయిగా బడికెళ్ళండి" అంది. నా నోరు ఆ బల్ల మీద ముందుకీ పక్కకీ కదులుతుంటే చూడడం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

సెప్టెంబరు 21న, 28న రెండు పళ్ళకు రూట్ కెనాల్ అయింది. అందరికీ తెలిసిందే, రాయను. 28న ఇంకో సంగతి జరిగింది. ఆ యంత్రంలో అచ్చుల మీద మైనంతో పళ్ళన్నీ కొత్త ఎత్తుకు చెక్కి, దాని అచ్చుతో పంటిరంగు పదార్థాన్ని నా పళ్ళమీద పోశారు. ఒక్క పన్ను కూడా అరగదీయకుండానే, పూర్తయ్యాక ఎలా ఉంటానో అద్దంలో చూపించారు. బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి ఫోటో పంపితే, "అమ్మా, నా చిన్నప్పటి నువ్వు" అని పెట్టింది.

దసరా సెలవుల్లో, అక్టోబరు 4, 5, 7, 8 తేదీల్లో పళ్ళు అరగదీశారు. రోజూ తిరగలేక గుంటూరులో పిన్ని ఇంట్లో ఉన్నాను. మత్తు సూదులు ఎన్నో లెక్క లేదు. మూడో రోజు పొరపాటున అద్దం అడిగాను. మొద్దుల్లా మిగిలిన పళ్ళు చూసి గుండె జారిపోయింది. చూడకండి, చూడాల్సిన అవసరం లేదు. ఏ రోజుకారోజు తాత్కాలిక క్యాపులు లవంగనూనె వాసన వచ్చే సిమెంటుతో అతికించి పంపారు. పిన్ని నాలుగు రోజులూ పెరుగన్నం, రాగిజావ, ఉడకబెట్టిన బంగాళాదుంప పెట్టింది.

అక్టోబరు 14న బడి తెరిచారు. పద్యం చదవబోతే శ, ష, స మూడూ ఒకటే ఈలలా వచ్చాయి. ఇరవై నాలుగేళ్ళుగా పిల్లల చేత ఈ మూడు అక్షరాలూ వేరువేరుగా పలికించినదాన్ని. ఆ పూట పాఠం ఆపేసి పిల్లలకు రాతపని ఇచ్చాను. 19న వెళ్ళి చెబితే ఆమె ముందు ఇంగ్లీషు అంకెలు చదివించింది, అరవై నుంచి డెబ్బై దాకా. బాగానే ఉన్నాయంది. అలా కాదమ్మా అని నేను "శేషశయనుడు" అన్నాను. తేడా వెంటనే ఆమెకూ వినపడింది. పై ముందు పళ్ళ లోపలివైపు కొంచెం పలచన చేసింది, కింది పళ్ళ అంచు ఒక్క గీత తగ్గించింది. మళ్ళీ అనమంది. మళ్ళీ గీసింది. ఐదోసారికి మూడు అక్షరాలూ మూడుగా పలికాయి. పాటలు పాడేవాళ్ళు, పాఠం చెప్పేవాళ్ళు, వ్రతకథ చదివేవాళ్ళు మీ సొంత మాటలతోనే పరీక్షించుకోండి. తాత్కాలిక క్యాపులున్నది అందుకే. అప్పుడు గీస్తే ఏమీ కాదు, అసలు క్యాపులు వచ్చాక గీస్తే పింగాణీ పోతుంది.

నవంబరు 17న కార్తీక వనభోజనాల్లో బూరె కొరికితే కింది ఎడమ క్యాపు రెండు ముక్కలైంది. చల్లటి నీళ్ళు తగిలితే కరెంటు షాకులా కొట్టింది. మర్నాడు సీఎల్ పెట్టి వెళ్ళి వేయించుకున్నాను. క్యాపు ఎందుకు విరిగిందో కూడా చూశారు. దవడ పక్కకు జరిపితే కోరపళ్ళు మాత్రమే తగులుతూ వెనక పళ్ళను విడదీయాలి. నాకు ఆ ఒక్క పన్ను ఇంకా రాసుకుంటోంది. దాన్ని సరిచేశారు.

డిసెంబరు 14న అసలు కొలతలు. చిగుళ్ళ సందుల్లో దారం దూర్చి తీశారు, అది కొంచెం నొప్పే. 21న మళ్ళీ ఫేస్‌బో, మళ్ళీ సిలికాన్. ఈసారి ఒక పక్క తాత్కాలిక క్యాపులు ఉంచి ఇంకో పక్కవి తీసి కొలిచారు, రెండు నెలలు నాకు నప్పిన ఎత్తు పోకుండా. ఇంకొకటి చేశారు. నా తాత్కాలిక క్యాపుల అచ్చును యంత్రంలో పెట్టి, ముందు భాగంలో ఉన్న చిన్న పళ్ళెంలో మెత్తటి రెజిన్ వేసి, పై చట్రాన్ని ముందుకీ పక్కలకీ నడిపారు. చట్రానికున్న మేకు ఆ రెజిన్‌లో నా దవడ నడిచే దారిని చెక్కింది. గట్టిపడ్డాక చూస్తే చిన్న లోయలా ఉంది. అసలు క్యాపుల ముందు పళ్ళన్నీ ఆ లోయలో మేకు నడిచినట్టే నడిచేలా ల్యాబులో చేస్తారు.

2025 జనవరి 4న లోహపు తొడుగులు వేసి చూశారు. సంక్రాంతికి ల్యాబు వారం మూసేశారు. 25న పింగాణీతో తెచ్చారు, మెరుపు పెట్టకుండా. ఆ రోజు నాకు ఎంత టెన్షనంటే బస్సులో ఏమీ తినలేదు. 28 క్యాపులూ తొడిగి నీలం కాగితం పెట్టి టక్ టక్ కొట్టమన్నారు, ఎర్ర కాగితం పెట్టి పక్కలకు నూరమన్నారు. ఎత్తుగా ఉన్న చుక్కలు మూడంటే మూడు. ఒకప్పుడు నాలుగు క్యాపులకు నాలుగుసార్లు పింగాణీ ఊడేదాకా గీయించుకున్నదాన్ని. తర్వాత 8 మైక్రాన్ల మందమున్న సన్నటి రేకు వెనక పళ్ళ మధ్య పెట్టి కరిపించి లాగారు. ప్రతి పన్నూ పట్టుకుంది.

ఫిబ్రవరి 8న తాత్కాలిక సిమెంటుతో, రెండు వారాలు తిని చూశాక 22న శాశ్వతంగా అతికించారు. మార్చి 1న రాత్రి పెట్టుకునే కొత్త తొడుగు ఇచ్చారు. పళ్ళు నూరే అలవాటు క్యాపులతో పోదు, అది జీవితాంతం పెట్టుకోవాల్సిందే.

ఖర్చు: ముందు 12 పళ్ళకు జిర్కోనియా (లోహం లేని గట్టి తెల్ల పదార్థం) ఒక్కోటి 4,500, వెనక 16కి లోహం మీద పింగాణీ ఒక్కోటి 2,000, మొత్తం 86,000. తాత్కాలిక క్యాపులు 5,000, రూట్ కెనాల్ రెండూ కలిపి 3,000, స్ప్లింట్, రాత్రి తొడుగు కలిపి 3,000. ఫేస్‌బోకూ యంత్రానికీ విడిగా ఏమీ తీసుకోలేదు. బస్సుకు రానూపోనూ 400 చొప్పున ఇరవై సార్లు. అంతా కలిపి లక్షా అయిదు వేలు, 23 రోజులు, నా సీఎల్స్ అన్నీ. డబ్బు ఒక్కసారే కట్టక్కర్లేదు, ల్యాబుకు పంపే ముందు సగం అడుగుతారు. కుర్చీలో ఒక్కోరోజు నాలుగు గంటలు కూర్చోవాలి, నడుంనొప్పి ఉన్నవాళ్ళు చిన్న దిండు తీసుకెళ్ళండి.

ఏప్రిల్‌లో చూపించుకున్నాను. చెవి ముందు శబ్దం ఇంకా అప్పుడప్పుడు వస్తోంది, నొప్పి మాత్రం లేదు. కింది ఎడమ చివరి పన్ను చల్లటివాటికి కొంచెం జివ్వుమంటోంది, దాన్ని ఆరు నెలలు గమనిద్దామన్నారు. వక్క మానేశాను. వచ్చేటప్పుడు డాక్టరమ్మ నా అచ్చులు రెండూ అట్టపెట్టెలో పెట్టి ఇచ్చింది. ఎప్పుడైనా ఒక క్యాపు విరిగితే ఏ ఊళ్ళో చేయించుకున్నా ఇవి తీసుకెళ్ళి చూపించండమ్మా, అంకెలు వెనక రాసి ఉన్నాయి అంది. బీరువాలో పై అరలో పెట్టాను. మావారికీ చెప్పి ఉంచాను ఎక్కడున్నాయో.